అరెస్టుల లెక్క సరే, జైల్లో పోయిన ఏళ్ల లెక్క ఏది?

మద్దతు ధర, యూరియా కొరత, కౌలు రైతుల గుర్తింపు కార్డులు, పంట నష్ట పరిహారం. ఈ పేజీలో మేం మామూలుగా రాసేది వీటి గురించే. ఈ నెల మాత్రం ఉగ్రవాద నిరోధక చట్టాల కింద జరుగుతున్న అరెస్టుల గురించి, పడుతున్న శిక్షల గురించి రాస్తున్నాం. ఉగ్రవాద కేసులకూ రైతుకూ సంబంధం ఏమిటని కొందరు సభ్యులకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఈ చట్టాల కింద జైలుకు వెళ్లినవాళ్లలో రైతు సంఘ నాయకులున్నారు, పోడు చేసుకు బతికే ఆదివాసులున్నారు, రైతు ఉద్యమాన్ని సాగదీశారన్న ఆరోపణ మీద అరెస్టయిన సంపాదకులున్నారు. కాబట్టి ప్రభుత్వం స్వయంగా ఇచ్చిన అంకెలనే ముందు పెట్టుకుని, అవి ఏం చెబుతున్నాయో, ఏం దాస్తున్నాయో చూద్దాం.

ఇప్పుడు అమల్లో ఉన్న ప్రధాన చట్టం చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం. అందరూ ఉపా అంటారు. 1967లో వచ్చింది. 2004లో పోటాను రద్దు చేసినప్పుడు ఉగ్రవాద నేరాల సెక్షన్లను ఇందులో చేర్చారు. 2008లో, 2012లో, 2019లో మళ్లీ సవరించి ఇంకా బిగించారు. ఈ చట్టం కింద జరిగిన అరెస్టుల లెక్కను జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురిస్తుంది. పార్లమెంటులో సభ్యులు అడిగితే హోంశాఖ చెప్పేదీ ఆ లెక్కే. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో అప్పటి హోంశాఖ సహాయ మంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్ రెడ్డి 2016 నుంచి 2019 వరకు లెక్క చెప్పారు. తర్వాతి ఏళ్ల లెక్క కూడా పార్లమెంటు ముందుకు వచ్చింది. రెండూ కలిపి చూస్తే ఇలా ఉంది.

2016: అరెస్టయినవారు 999, శిక్ష పడినవారు 24
2017: అరెస్టయినవారు 1,554, శిక్ష పడినవారు 39
2018: అరెస్టయినవారు 1,421, శిక్ష పడినవారు 35
2019: అరెస్టయినవారు 1,948, శిక్ష పడినవారు 34
2020: అరెస్టయినవారు 1,321, శిక్ష పడినవారు 80
2021: అరెస్టయినవారు 1,621, శిక్ష పడినవారు 62
2022: అరెస్టయినవారు 2,636, శిక్ష పడినవారు 41
2023: అరెస్టయినవారు 2,914, శిక్ష పడినవారు 118

ఎనిమిదేళ్లలో మొత్తం 14,414 అరెస్టులు. శిక్ష పడినవారు 433 మంది. వందకు ముగ్గురు.

ఈ అంకెలు చూడగానే "నూటికి తొంభై ఏడుగురు నిర్దోషులు" అని ఉపన్యాసాల్లో చెప్పేవాళ్లున్నారు. అలా చెప్పకూడదని మన కార్యకర్తలకు మనవి. అది తప్పు లెక్క. ఈ ఏడాది నాటిన మామిడి మొక్కలెన్ని, ఈ ఏడాది మార్కెట్టుకు వచ్చిన కాయలెన్ని అని పక్కపక్కన పెట్టి దిగుబడి కట్టలేం కదా. ఈ ఏడాది కాసింది ఎప్పుడో నాటిన చెట్టు. అలాగే 2023లో శిక్ష పడినవాళ్లు 2023లో అరెస్టయినవాళ్లు కాదు. వాళ్లలో చాలామంది ఏళ్ల కిందట పట్టుబడినవాళ్లు. 2023లో పట్టుకున్నవాళ్ల కేసులు చాలావరకు ఇంకా విచారణకు కూడా వచ్చి ఉండవు.

ప్రభుత్వం చెప్పే శిక్షల శాతం వేరే పద్ధతిలో కట్టేది. విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నింటిలో శిక్ష పడిందో మాత్రమే అందులో చూస్తారు. అలా చూస్తే శాతం మరీ ఇంత తక్కువ రాదు. జాతీయ దర్యాప్తు సంస్థ, అంటే ఎన్‌ఐఏ, తాను చేపట్టి తీర్పు వచ్చిన కేసుల్లో 90 శాతానికి పైగా శిక్షలు పడ్డాయని చెప్పుకుంటుంది. ఉపా కేసులు ఎన్‌ఐఏ ఒక్కటే పెట్టదు. రాష్ట్రాల పోలీసులు పెట్టేవే ఎక్కువ. ఆ శాతంలో తీర్పు వచ్చిన కేసులు మాత్రమే ఉంటాయి. తీర్పు రాకుండా నలుగుతున్నవాటికి అందులో చోటే లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక కేసులో నాలుగు సెక్షన్లు పెడితే, వాటిలో అతి పెద్ద నేరం కిందే ఆ కేసును బ్యూరో లెక్కిస్తుంది. హత్య సెక్షనూ ఉపా సెక్షనూ రెండూ ఉన్న కేసు హత్యల పట్టికలోకి పోవచ్చు. అందువల్ల ఉపా అరెస్టులు పట్టికలో కనిపించే దానికంటే ఎక్కువే ఉండవచ్చు.

ఇవన్నీ తీసేసి న్యాయంగానే చూద్దాం. మామిడికి ఇచ్చినట్టే కాపుకు టైమిద్దాం. ఎనిమిదేళ్లలో ఎక్కువ మందికి శిక్ష పడింది 2023లో, 118 మందికి. ఆ సంఖ్యను ఆ ఏడాది అరెస్టులతో కాకుండా ఏడేళ్ల కిందటి అరెస్టులతో పోల్చి చూడండి. 2016లో అరెస్టయినవాళ్లు 999 మంది. అయినా వందకు పన్నెండుకు మించదు. 2017 అరెస్టులతో పోలిస్తే ఎనిమిది లోపే. ఏ ఏడాదితో పోల్చినా శిక్షలు అరెస్టుల దరిదాపులకు రావడం లేదు. మరి మిగతావాళ్లంతా ఏమయ్యారు? కొందరు విడుదలయ్యారు. 2020లో 80 మందికి శిక్ష పడితే 116 మంది నిర్దోషులుగా బయటికొచ్చారు. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి శిక్షా లేదు, విడుదలా లేదు. వాయిదాలే. ఈ పట్టికలో వాళ్లకు గడి లేదు. ఈ సంపాదకీయం రాస్తున్నది ఆ లేని గడి గురించే.

మామూలు కేసులో కూడా వాయిదాలుంటాయి కదా అనవచ్చు. ఉంటాయి. అయితే మామూలు కేసులో మనిషి బెయిల్ మీద ఇంటికొచ్చి, పొలం చూసుకుంటూ వాయిదాలకు తిరుగుతాడు. ఉపా కేసులో ఆ దారిని చట్టమే దాదాపు మూసేసింది. మామూలు కేసుల్లో పోలీసులు 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఉపాలో ఆ గడువును కోర్టు అనుమతితో 180 రోజుల దాకా పొడిగించవచ్చు. 180 రోజులంటే మనకు ఒక ఖరీఫ్. జూన్‌లో నారు పోసినప్పుడు పట్టుకెళ్లిన మనిషి ధాన్యం కాటా వేసే దాకా చార్జిషీటు కూడా చూడకుండా జైల్లో ఉండవచ్చు.

చార్జిషీటు వేశాక 43డి(5) సెక్షన్ అడ్డొస్తుంది. పోలీసులు పెట్టిన కాగితాలు చూసి, ఆరోపణ పైకి నిజమనిపించడానికి కారణాలున్నాయని జడ్జి అనుకుంటే చాలు, బెయిల్ ఇవ్వకూడదని ఆ సెక్షన్ అంటుంది. ఆ దశలో సాక్ష్యాల లోతుల్లోకి పోకూడదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒక పక్షం కాగితాలే చూసి తేల్చాలి. విచారణ ఏళ్లతరబడి సాగకపోతే రాజ్యాంగ హక్కుల కింద హైకోర్టులు, సుప్రీంకోర్టు బెయిల్ ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో అదే కోర్టు అన్నది. ఉపా కేసులోనైనా బెయిల్ ఇవ్వడమే నియమమని 2024 ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో మరోసారి చెప్పింది. మంచి మాటే. కానీ ఢిల్లీ దాకా వెళ్లి ఆ మాట చెప్పించుకోగలిగిన పేదవాడు ఎంతమందిలో ఒకడు?

బుర్కాపాల్ సంగతి చూడండి. చింతూరు దాటితే కుంట, కుంట దాటి పైకి పోతే సుక్మా జిల్లా అడవి గ్రామాలు. మన ములుగు, భద్రాద్రి జిల్లాల్లో మిరప ఏరడానికి ఏటా వచ్చే కూలీలు ఆ ప్రాంతంవాళ్లే. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులను వరసగా పట్టుకెళ్లి ఉపా కింద కేసు పెట్టారు. చాలామందికి బెయిల్ రాలేదు. ఐదేళ్లు గడిచాయి. 2022 జులైలో ప్రత్యేక కోర్టు 121 మందినీ నిర్దోషులని విడిచిపెట్టింది. వాళ్లు మావోయిస్టులని గానీ, దాడిలో ఉన్నారని గానీ రుజువు చేయలేకపోయారని తీర్పు.

121 మంది, తలకు సుమారు ఐదేళ్లు. ఐదు ఖరీఫ్‌లు, ఐదు తునికాకు సీజన్లు. ఊళ్లో మగవాళ్లు లేక దున్నని పొలాలు, వాయిదాకు ఒకసారి చూసి రావడానికి పశువులమ్మిన ఇళ్లు. వీటికి పట్టికలో గడి లేదు. ఇంకో సంగతి కూడా మరచిపోవద్దు. ఆ 25 మంది జవాన్లూ మనలాంటి రైతు, కూలీ ఇళ్ల పిల్లలే. 121 మంది అమాయకులను ఐదేళ్లు జైల్లో పెట్టినందువల్ల ఆ 25 కుటుంబాలకూ న్యాయం జరగలేదు. హత్యలు చేసినవాళ్లకు శిక్ష పడాలనేదే మా మాట కూడా. ఎవరినో ఒకరిని పట్టుకుని లెక్క చూపించడం దర్యాప్తు అనిపించుకోదు.

శిక్షల గడిలో కనిపించే సంఖ్యనైనా పూర్తిగా నమ్మగలమా? కోనసీమలో అమలాపురం దగ్గర చిన్న రైతు కుటుంబంలో పుట్టి, పోలియోతో చక్రాల కుర్చీకే పరిమితమై, ఢిల్లీలో ఇంగ్లీషు ప్రొఫెసరైన జి.ఎన్. సాయిబాబా కేసు అందరికీ తెలుసు. 2014 మేలో అరెస్టు చేశారు. మధ్యలో కొంతకాలం బెయిల్. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు ఉపా కింద యావజ్జీవం వేసింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయననూ, మిగతా నిందితులనూ నిర్దోషులని తేల్చింది. అప్పటికే ఆ నిందితుల్లో పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడు జైల్లో జబ్బుపడి చనిపోయాడు. సాయిబాబా 2024 అక్టోబరు 12న హైదరాబాద్‌లో కన్నుమూశారు. బయటి గాలి పీల్చింది ఏడు నెలలు. 2017లో కింది కోర్టు వేసిన శిక్ష ఆ ఏడాది శిక్షే. ఏడేళ్ల తర్వాత హైకోర్టు దాన్ని కొట్టేసినా ఆ ఏటి పట్టిక వెనక్కి వెళ్లి తన అంకెను దిద్దుకోదు.

ఇక నేరుగా మన ఉద్యమం సంగతి. అస్సాంలో కృషక్ ముక్తి సంగ్రామ్ సమితి నాయకుడు అఖిల్ గొగోయ్‌ని పౌరసత్వ సవరణ చట్టం వ్యతిరేక ఆందోళన రోజుల్లో, 2019 డిసెంబరు 12న అరెస్టు చేసి ఉపా కేసు పెట్టారు. ఏడాదిన్నరకు పైగా జైల్లో ఉన్నారు. జైల్లో ఉండగానే 2021 ఎన్నికల్లో శివసాగర్ ప్రజలు ఆయనను ఎమ్మెల్యేగా గెలిపించారు. అదే ఏడాది జులై 1న ఎన్‌ఐఏ కోర్టు అభియోగాలు నిలవవని విడుదల చేసింది. అంతటితో అయిపోలేదు. 2023లో గౌహతి హైకోర్టు ఒక కేసులో ఆ ఉత్తర్వును పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చి ఆయనను బయట ఉంచింది. రైతు నాయకుడి నెత్తిన కత్తి అలా వేలాడుతూనే ఉంది.

ఢిల్లీ సరిహద్దుల్లో మన రైతులు చలిలో కూర్చున్న రోజులు గుర్తున్నాయి కదా. 2021 జనవరిలో, ప్రభుత్వంతో చర్చలు జరుగుతుండగానే, ఒక ఉపా కేసులో సాక్షులుగా రమ్మని ఎన్‌ఐఏ సుమారు నలభై మందికి నోటీసులు పంపింది. వాళ్లలో చర్చల్లో కూర్చున్న రైతు నాయకుడు బల్‌దేవ్ సింగ్ సిర్సా కూడా ఉన్నారు. 2023లో న్యూస్‌క్లిక్ వార్తాసంస్థ మీద పెట్టిన ఉపా ఎఫ్‌ఐఆర్‌లో, రైతు ఉద్యమాన్ని సాగదీసి ప్రజాజీవితానికి అవసరమైన సరఫరాలను, సేవలను అడ్డుకునే కుట్ర చేశారని కూడా రాశారు.

ఆ మాటలు గాలిలోంచి రాలేదు. ఉపా 15వ సెక్షన్‌లోనే ఉన్నాయి. బాంబులు, తుపాకులు, విషవాయువుల జాబితా చెప్పి, చివర "మరే ఇతర మార్గం ద్వారానైనా" అని ఆ సెక్షన్ అంటుంది. ప్రజాజీవితానికి అవసరమైన సరఫరాలకు అంతరాయం కలిగించడం కూడా అందులో ఉంది. దేశ భద్రతకు ముప్పు తెచ్చే ఉద్దేశమో, ప్రజలను భయభ్రాంతం చేసే ఉద్దేశమో ఉండాలని కూడా చట్టం చెబుతుంది, నిజమే. కానీ ఆ ఉద్దేశం ఉందో లేదో తేలేది విచారణ చివర. జైలు మొదట్లోనే. ధాన్యం కొనమని హైవే మీద రాస్తారోకో చేసే మనం ఈ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. మన మీద ఆ సెక్షన్ పెడతారని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. పెట్టాలనుకుంటే అడ్డుకునేంత గట్టి గోడ చట్టంలో లేదని చెబుతున్నాం.

తాడ్వాయి కేసు మన కళ్ల ముందుదే. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసులు ఉపా కింద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లో 152 మంది పేర్లున్న సంగతి 2023 జూన్ దాకా బయటికి రాలేదు. ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా ఉందని తెలిసి గొడవ కావడంతో ఆయన మీద కేసు తీసేయమని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. పేరున్న పెద్దమనిషి కాబట్టి వారం తిరక్కుండా పేరు పోయింది. మారుమూల ఊళ్లో పేరు లేని రైతు పేరుంటే ఎవరు గొడవ చేస్తారు? సంఘం చేయాలి. సంఘం ఉన్నది అందుకే.

ఇదేమీ కొత్త కథ కాదు. 1985లో వచ్చిన టాడా కింద పదేళ్లలో 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్షలు రెండు శాతం లోపే. ఉగ్రవాదం ఊసే లేని గుజరాత్‌లోనూ వేలమందిని అందులో ఇరికించారు. చట్టాన్ని పొడిగించవద్దని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ జస్టిస్ రంగనాథ్ మిశ్రా స్వయంగా ఎంపీలకు లేఖ రాశారు. 1995లో టాడా గడువు తీరిపోయింది. 2002లో పోటా వచ్చింది, 2004లో పోయింది. రెండూ పోయింది ఊరికే కాదు. అంకెలు బయటపడి, జనం అడిగారు కాబట్టి పోయాయి. ఉపాకు గడువు తేదీ లేదు. కాబట్టి అడగడం మరింత అవసరం.

ఇప్పుడు అంకెలు కూడా చీలబోతున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లో ఉగ్రవాద చర్యను మామూలు నేరచట్టంలోకి కూడా తెచ్చారు. కేసు ఉపా కింద పెట్టాలా, ఈ సెక్షన్ కింద పెట్టాలా అని ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయిస్తారు. ఇకపై ఉపా గడిలో అంకె తగ్గినా అరెస్టులు తగ్గాయని అనుకోవద్దు. రెండు గడులూ కలిపి చూడాలి.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. ఎంతమందిని అరెస్టు చేశారన్నదే కాదు, ఎంతమంది ఎన్నేళ్లుగా విచారణ ఖైదీలుగా ఉన్నారో, ఎన్నేళ్ల తర్వాత నిర్దోషులుగా విడుదలయ్యారో, అప్పీలులో ఎన్ని శిక్షలు కొట్టుడుపోయాయో జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. పంట కోత ప్రయోగాల లెక్క గ్రామం స్థాయిలో తీయగలిగిన ప్రభుత్వానికి ఇది పెద్ద పని కాదు.

రెండు. 43డి(5) సెక్షన్ రద్దు చేయాలి. బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది మిగతా కేసుల్లో లాగే జడ్జి విచక్షణకు వదలాలి.

మూడు. ఎన్‌ఐఏ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టులో విచారణ రోజువారీగా సాగాలి. దాన్ని అమలు చేయాలి.

నాలుగు. తప్పుడు కేసుల్లో జైలుపాలైనవారికి పరిహారం చట్టబద్ధం చేయాలని 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం తేవాలి. వడగళ్లకు పంట పోతే పరిహారం అడిగే హక్కున్నట్టే, ప్రభుత్వం చేసిన తప్పు వల్ల ఐదేళ్ల బతుకు పోయినవాడికి కూడా ఆ హక్కు ఉండాలి.

ఐదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న ఉపా కేసులన్నిటినీ ప్రభుత్వాలు సమీక్షించాలి. పెద్దల పేర్లు తీసేసి మిగతావాళ్లను వదిలేయడం సమీక్ష కాదు.

డిమాండ్లు తీరేలోగా గ్రామ శాఖలు చేయగలిగిన పనులున్నాయి. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మే 15న సుప్రీంకోర్టు ఆయన అరెస్టు చెల్లదన్నది ఈ ఒక్క కారణం మీదే: అరెస్టు కారణాలు రాసి ఇవ్వలేదు. పట్టుకెళ్లిన తేదీ, సమయం నోటుబుక్కులో రాసుకోండి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టారో లేదో చూడండి. కస్టడీలో ఉన్నవారికి, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీ జిల్లాలో గత ఐదేళ్లలో ఎన్ని ఉపా కేసులు పెట్టారో, ఎన్నింటిలో తీర్పు వచ్చిందో సమాచార హక్కు కింద అడిగి, వచ్చిన జవాబు మాకు పంపండి. వచ్చినవన్నీ ఈ పత్రికలో అచ్చు వేస్తాం.

చివరిగా ఒక మాట. జైలుకు వెళ్లిన మనిషి పేరు మీదే పాసుబుక్కు ఉంటుంది, సొసైటీ అప్పు ఉంటుంది. రెన్యువల్ సంతకానికి మనిషి ఉండడు. ఉగ్రవాద కేసు అనగానే చుట్టాలు కూడా గడప తొక్కడానికి జంకుతారు. కోర్టు తీర్పు చెప్పేదాకా ఆ మనిషి నేరస్థుడు కాడు. ఆయన పొలంలో నాట్లు పడేలా, కోత ఆగకుండా చూడటం శాఖ బాధ్యతగా తీసుకోవాలి. సంఘం తలా ఒక రోజు పని పంచుకుంటే ఒక కుటుంబం నిలబడుతుంది. ప్రభుత్వ పట్టికలో ఆ కుటుంబానికి గడి లేకపోవచ్చు. మన సంఘం రిజిస్టరులో మాత్రం ఉండాలి.